కారు హీటరు కారుతోంది



కుండకు చిల్లి పడితే మనం ఏం చేస్తాం? మొదట చిల్లి ఎక్కడుందో వెతుకుతాం. తర్వాత దాన్ని పూడుస్తాం. పూడ్చడం కుదరకపోతే ఆ కుండను పక్కన పెట్టి, వేరే కుండతో పని జరుపుకుంటాం.

పాత కారులో హీటరు కారినా అంతే. మొదట వెతకాలి. కుదిరితే బాగు చేయాలి. కుదరకపోతే దాన్ని పక్కన పెట్టి కారు నడుపుకోవాలి. ఈ పాఠంలో ఆ సంగతులు తెలుసుకుందాం.

మనకెందుకు ఈ సంగతి?

"కారు సంగతులు మగవాళ్లవి, మనకెందుకు?" అని కొందరు అనుకుంటారు. అది సరికాదు. కారు మీద బతికే ఇల్లు ఎన్నో ఉన్నాయి. భర్త డ్రైవరు, కొడుకు మెకానిక్కు, అన్న టాక్సీ యజమాని. కారు ఆగిపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మెకానిక్కుకు ఇచ్చే డబ్బు ఇంటి డబ్బే. ఆ డబ్బు దేనికి పోతోందో తెలుసుకునే హక్కు ఇల్లాలికి ఉంది.

ఇంకో మాట. 1893లో అమెరికాలో మార్గరెట్ విల్కాక్స్ అనే ఆవిడ రైలు పెట్టెలను వెచ్చగా ఉంచే హీటరుకు పేటెంటు తీసుకుంది. 1903లో అదే దేశంలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ, బండి అద్దం మీద వాననీళ్లు తుడిచే పుల్లకు పేటెంటు తీసుకుంది. పేటెంటు అంటే "ఇది నేను కనిపెట్టాను" అని సర్కారు ఇచ్చే హక్కు కాగితం. చూశారా! బండి సంగతుల్లో ఆడవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు.

హీటరు ఎవరికి కావాలి?

మన మైదానాల్లో ఎండ ఎక్కువ. కారులో వేడి పుట్టించే అవసరం మనకు తక్కువ. కానీ ఇంగ్లండు లాంటి చలి దేశాల్లో హీటరు లేకపోతే చేతులు కొంకర్లు పోతాయి. అద్దం మీద మంచు పడుతుంది. లోపల ఆవిరి కమ్ముతుంది. దారి కనిపించదు. ఆ దేశాల్లో కూడా 1960ల దాకా చాలా కార్లలో హీటరుకు వేరే డబ్బు కట్టాల్సి వచ్చేది.

మనకు బాగా తెలిసిన అంబాసిడరు కారు కూడా ఇంగ్లండు కారుకు బిడ్డే. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నమూనాతో దాన్ని మన దేశంలో చేశారు. బెంగాల్లోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీ 1950ల చివరి నుంచి 2014 దాకా ఆ కార్లు చేసింది. ఇప్పుడు అవి రోడ్ల మీద తగ్గిపోయాయి. కానీ కొందరు ఇంకా భద్రంగా దాచుకుని నడుపుకుంటున్నారు. పెళ్లిళ్లకు అద్దెకు ఇస్తున్నారు. చలి ఊళ్లలో తిరిగే పాత కార్లకు హీటరు ఉంటుంది. కారు పాతబడితే హీటరూ పాతబడుతుంది.

హీటరు ఎలా పనిచేస్తుంది?

ఇంజను నడిస్తే వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గించకపోతే ఇంజను పాడవుతుంది. అందుకే ఇంజను చుట్టూ నీళ్లు తిరుగుతాయి. ఒక పంపు ఆ నీళ్లను తిప్పుతుంది. వేడెక్కిన నీళ్లు ముందు ఉన్న రేడియేటరులోకి పోతాయి. రేడియేటరులో సన్నటి గొట్టాలు ఉంటాయి. వాటి మధ్య నుంచి గాలి వీస్తుంది. నీళ్లు చల్లబడి మళ్లీ ఇంజనులోకి వస్తాయి. వేడి టీని సాసర్లో పోసి ఊదినట్టే ఇదీ.

హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. పెద్దది కారు ముందు భాగంలో ఉంటుంది. చిన్నది లోపల, డాష్‌బోర్డు కింద ఉంటుంది. ఇంజను నుంచి రెండు రబ్బరు గొట్టాలు దానికి వస్తాయి. ఒక గొట్టంలో వేడినీళ్లు వస్తాయి. ఇంకో గొట్టంలో తిరిగి పోతాయి. చిన్న ఫ్యాను దాని మీద గాలి కొడుతుంది. ఆ గాలి వెచ్చబడి మన కాళ్ల మీదికి, అద్దం మీదికి వస్తుంది.

అంటే హీటరులో ఉన్నది వేరే నీళ్లు కావు. ఇంజను నీళ్లే. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. హీటరు కారితే ఇంజను నీళ్లు తగ్గిపోతాయి. ఇంజను నీళ్లు తగ్గితే ఇంజను కాలిపోతుంది. చిన్న చిల్లి పెద్ద ఖర్చు తెస్తుంది.

కారుతోందని ఎలా తెలుస్తుంది?

గుర్తులు ఇవి:

1. ముందు సీటు కింద, కాళ్ల దగ్గర పరిచిన పట్టా తడిగా ఉంటుంది.
2. కారులో తియ్యటి వాసన వస్తుంది.
3. హీటరు వేస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. తుడిస్తే జిడ్డుగా ఉంటుంది.
4. రేడియేటరులో నీళ్లు మాటిమాటికీ తగ్గుతాయి. కారు కింద నేల మాత్రం పొడిగానే ఉంటుంది.
5. ఇంజను వేడి చూపే ముల్లు పైకి పోతుంది.

తడి కనిపించగానే హీటరే అనుకోకూడదు. వాననీళ్లు కూడా తలుపు రబ్బరు సందుల్లోంచి లోపలికి దిగుతాయి. వాన పడినప్పుడే తడి ఉంటే అది వాననీరు. ఏసీ ఉన్న కారులో ఏసీ నీళ్లు కూడా లోపల పడవచ్చు. ఆ నీళ్లకు రంగు, వాసన ఉండవు. తెల్ల కాగితం తడి మీద అద్ది చూడండి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగు అంటితే అది ఇంజను నీళ్లే. రంగు లేకపోయినా, తుప్పు మరక అంటినా అనుమానించాల్సిందే. కానీ నాలుక మీద వేసుకుని మాత్రం చూడకండి. ఎందుకో ముందు చెబుతాను.

ఎక్కడా తడి లేదు, నీళ్లు మాత్రం తగ్గుతున్నాయి. అప్పుడు ఇంజను ఆయిలు చూడమనండి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉందా? వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తోందా? అయితే నీళ్లు ఇంజను లోపలికే పోతూ ఉండవచ్చు. అది హీటరు జబ్బు కాదు. వెంటనే మెకానిక్కుకు చూపించాలి.

మూడు ప్రమాదాలు

మొదటిది, మూత. వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎప్పుడూ తీయకూడదు. ప్రెషరు కుక్కరు మనకు తెలుసు. లోపల ఆవిరి ఉండగా మూత తీస్తామా? తీయం. రేడియేటరు మూత కూడా అలాంటిదే. అది ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఒత్తిడి ఉంటే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఒత్తిడి పోతుంది. నీళ్లు ఒక్కసారిగా మరిగి, ముఖం మీదికి చిమ్ముతాయి. గుడ్డ వేసి తిప్పినా ప్రమాదమే. గంట ఆగాలి. చేత్తో తాకితే చల్లగా ఉండాలి. అప్పుడే తీయాలి.

ఎవరికైనా కాలితే వెంటనే కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు పోయాలి. ఐసు పెట్టకూడదు. సిరా, టూత్‌పేస్టు, పసుపు పూయకూడదు. ముఖం కాలినా, బొబ్బలు లేచినా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

రెండోది, విషం. రేడియేటరులో పోసే రంగు నీళ్లను కూలెంటు అంటారు. అందులో చాలావరకు ఇథిలీన్ గ్లైకాల్ అనే మందు ఉంటుంది. చలికి నీళ్లు గడ్డ కట్టకుండా, ఎండకు త్వరగా మరగకుండా అది కాపాడుతుంది. కానీ అది విషం. పైగా రుచి తియ్యగా ఉంటుంది. పిల్లలు, కుక్కలు, దూడలు నాకితే ప్రాణం మీదికి వస్తుంది. కొద్దిగా తాగినా మూత్రపిండాలు పాడవుతాయి. మొదట బాగానే ఉన్నట్టు కనిపిస్తారు. అది నమ్మి ఆగకూడదు. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. కూలెంటు డబ్బా కూడా వెంట తీసుకుపోవాలి. త్వరగా పోతే వైద్యం ఉంది. ఆలస్యమైతే కష్టం.

అందుకే పాత కూలెంటును వాకిట్లో పారబోయకండి. మంచినీళ్ల సీసాలో పోసి పెట్టకండి. వంట చెంబుతో, గిన్నెతో ముట్టకండి. మూత ఉన్న డబ్బాలో పోసి, మీద "విషం" అని పెద్ద అక్షరాలతో రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా! ఆ ఒక్క మాట ఒక బిడ్డ ప్రాణం కాపాడుతుంది.

మూడోది, ఇంజను. ముల్లు ఎర్ర గీత దాటినా బండి నడిపితే ఇంజను పై భాగం వంకర పోతుంది. మధ్యలో ఉన్న గాస్కెట్టు కాలిపోతుంది. అప్పుడు ఇంజను విప్పాల్సిందే. ఎర్ర గీత దగ్గరికి రాగానే బండి పక్కకు ఆపాలి. ఇంజను ఆర్పాలి.

చిల్లి ఎక్కడ?

ఇంజను చల్లబడ్డాక వెతకాలి. నాలుగు చోట్ల చూడాలి.

ఒకటి, రబ్బరు గొట్టాలు. పాత రబ్బరు పగుళ్లు వస్తుంది, లేదా మెత్తబడి ఉబ్బుతుంది. రెండు, గొట్టం చివర బిగించే క్లిప్పులు. అవి వదులైతే స్క్రూ డ్రైవరుతో రెండు చుట్లు బిగిస్తే చాలు. మూడు, వేడినీళ్లు వదిలే కుళాయి. నాలుగు, లోపలి చిన్న రేడియేటరు. మొదటి మూడూ చిన్న ఖర్చుతో పోతాయి. నాలుగోదే కష్టం. అందుకే ముందు మొదటి మూడూ చూడాలి.

పసుపు పోస్తే ఆగుతుందా?

దారిలో రేడియేటరు కారితే కొందరు డ్రైవర్లు అందులో పసుపు పోస్తారు. పసుపు ఉబ్బి చిన్న చిల్లిని పూడుస్తుంది. కారడం కొంతసేపు ఆగుతుంది. దుకాణాల్లో అమ్మే పొడులు, మందులూ అలాంటివే. ఇవి ఊరు చేరడానికే. బాగు చేయడం కాదు. ఆ పొడి చిల్లినే కాదు, సన్నటి గొట్టాలను కూడా పూడుస్తుంది. హీటరు గొట్టాలు మరీ సన్నం. అవే ముందు మూసుకుపోతాయి.

హీటరును పక్కన పెట్టడం ఎలా?

లోపలి చిన్న రేడియేటరు కారుతోంది. బాగు చేయడానికి ఇప్పుడు డబ్బు లేదు. రేపు కిరాయి ఉంది. అప్పుడు హీటరును పక్కన పెట్టవచ్చు. నీళ్లు దాని దాకా పోకుండా దారి మళ్లించాలి. పొలంలో ఒక మడికి నీళ్లు వద్దంటే కాలువను ఎలా మళ్లిస్తాం? అలాగే.

ఈ పని మెకానిక్కు చేస్తాడు. కానీ మనం పక్కన నిలబడి చూడాలి. వరస ఇది:

1. ఇంజను ఆపి, పూర్తిగా చల్లబడనివ్వాలి. తాళం చెవి తీసేయాలి.
2. రేడియేటరు మూత తీసి, అడుగు నుంచి కొంత నీళ్లు బేసినులోకి దింపాలి.
3. హీటరుకు పోయే రెండు గొట్టాలనూ రేకు గోడ దగ్గర ఊడదీయాలి. పాత గొట్టం అతుక్కుపోతే బలంగా లాగకూడదు. హీటరు మూతి విరుగుతుంది. గొట్టాన్ని కోసి తీయడం మేలు.
4. వేడినీళ్లు వచ్చే చోటు నుంచి తిరిగి పోయే చోటుకు ఒకే కొత్త గొట్టం వేయాలి. రెండు చివరలా క్లిప్పులు బిగించాలి.
5. గొట్టం మడత పడకూడదు. ఫ్యానుకు, బెల్టుకు, పొగ గొట్టానికి తగలకూడదు.
6. కూలెంటు నింపాలి. మూత తీసి ఉంచి, చల్లటి ఇంజను స్టార్టు చేయాలి. గాలి బుడగలు బయటికి వస్తాయి. మట్టం తగ్గితే కొంచెం కొంచెం పోయాలి. ముఖం దూరంగా ఉంచాలి. నీళ్లు పొంగేలా ఉంటే ఇంజను ఆపాలి.
7. మూత పెట్టి కొద్ది దూరం నడపాలి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజనులో మళ్లీ మట్టం చూడాలి.

గొట్టం కారు హీటరు కోసం చేసినదే కావాలి. తోట పైపు, డ్రిప్పు పైపు, సైకిలు ట్యూబు పనికిరావు. వేడికి మెత్తబడి పగిలిపోతాయి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పాత ఇంగ్లండు కార్లలో చాలావాటికి ఇంజను మీద హీటరు కుళాయి ఉంటుంది. "ఆ కుళాయి కట్టేస్తే చాలు" అని కొందరు అంటారు. చాలదు. కుళాయి కడితే వచ్చే నీళ్లే ఆగుతాయి. తిరిగి పోయే గొట్టం అవతలి చివర రేడియేటరు కింది గొట్టానికి కలిసి ఉంటుంది. ఆ దారిలో నీళ్లు వెనక్కి వచ్చి కారుతూనే ఉంటాయి. అందుకే రెండు గొట్టాలనూ హీటరు నుంచి విడదీయాలి.

"కలపడం ఎందుకు, రెండు చోట్లా బిరడా పెడితే పోదా?" అని అడగవచ్చు. కొన్ని కార్లలో పోతుంది. కొన్ని కార్లలో ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్లు తిరిగే దారి హీటరు గుండానే ఉంటుంది. అది మూస్తే నీళ్లు సరిగా తిరగవు. కలపడమే భయం లేని పని.

పక్కన పెడితే నష్టం ఏమిటి?

చలి ఊళ్లో అద్దం మీద ఆవిరి పోదు. అరకు, లంబసింగి వైపు చలికాలం తెల్లవారుజామున పోయేవాళ్లు అద్దాలు కొంచెం దించాలి. పొడి గుడ్డ దగ్గర పెట్టుకోవాలి. దారి కనిపించకపోతే ఆగాలి. హిమాచల్, కాశ్మీర్ లాంటి మంచు చోట్లయితే ఇది కుదరదు. అక్కడ హీటరు బాగు చేయించాల్సిందే.

ఇంకో నష్టం ఉంది. ఇంజను బాగా వేడెక్కినప్పుడు హీటరును పూర్తిగా తిప్పితే కొంత వేడి అటు పోతుంది. కష్టంలో అది రెండో రేడియేటరు. హీటరును పక్కన పెడితే ఆ సాయం ఉండదు. అందుకే పెద్ద రేడియేటరు, ఫ్యాను బెల్టు బాగున్నాయో లేదో చూడాలి.

బాగు చేయించడం ఎలా?

పాత కార్ల హీటరు రాగితో, ఇత్తడితో చేసినది. దాన్ని ఊడదీసి రేడియేటరు పనివాడి దగ్గరికి తీసుకుపోవాలి. అతను ఒక మూతి మూసి, ఇంకో మూతి నుంచి కొద్దిగా గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచుతాడు. సైకిలు పంక్చరు చూసినట్టే. బుడగ వచ్చిన చోటే చిల్లి. దాన్ని శుభ్రం చేసి టంకం పెడతాడు. టంకంలో సీసం ఉండవచ్చు. ఆ పొగ మంచిది కాదు. పిల్లలను అక్కడ నిలబెట్టకండి.

నాలుగైదు చోట్ల బుడగలు వస్తే టంకం దండగ. లోహమే అరిగిపోయింది. కొత్తది వేయించడం మేలు. కొత్త కార్లలో హీటరు అల్యూమినియంతో చేస్తారు. దానికి టంకం సరిగా పట్టదు. మార్చేయడమే.

చిల్లి ఎందుకు పడింది? చాలాసార్లు నీళ్ల వల్లే. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా! ఆ పొరే రేడియేటరులోనూ కడుతుంది. తుప్పు కూడా పడుతుంది. కూలెంటు ఎండాకాలంలో ఎందుకని అనుకోకండి. తుప్పు ఆపేది అదే. డబ్బా మీద ఎంత నీళ్లు కలపాలో రాసి ఉంటుంది. చదివి, అంతే కలపండి. బోరు నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటరు కలపండి.

మెకానిక్కుతో ఇలా మాట్లాడండి

ఒక డ్రైవరు భార్య షెడ్డుకు వెళ్లింది అనుకుందాం.

"తమ్ముడూ, నీళ్లు ఎక్కడ కారుతున్నాయి? నాకు చూపించు."

"హీటరు పోయిందక్కా. పెద్ద పని."

"గొట్టాలు చూశావా? క్లిప్పులు బిగించి చూశావా?"

"చూశానక్కా. ఇదిగో, లోపలి నుంచే తడి వస్తోంది."

"సరే. పక్కన పెడితే ఎంత? బాగు చేస్తే ఎంత? రెండూ కాగితం మీద రాసివ్వు."

"రాసిస్తానక్కా."

"తీసేసిన పాత సామాను నాకు ఇచ్చేయి. రాగి, ఇత్తడి కదా, పాత సామాన్ల వాడు కొంటాడు."

చూశారా! ఆమె గొడవ పడలేదు. అడిగింది, చూసింది, రాయించుకుంది.

పుస్తకంలో రాయండి

రోజూ పొద్దున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఎన్ని నీళ్లు పోశారో రాయండి. ఇలా:

సోమవారం – పావు లీటరు
మంగళవారం – పావు లీటరు
బుధవారం – అర లీటరు
గురువారం – 1 లీటరు

నాలుగు రోజులకు మొత్తం 2 లీటర్లు. చిల్లి పెద్దదవుతోందని ఈ లెక్కే చెబుతోంది. శుక్రవారం బండి దూరం పంపకూడదు. షెడ్డుకు పంపాలి. నోటి లెక్క మరిచిపోతాం. రాసిన లెక్క నిలుస్తుంది.

కొత్త మాటలు

రేడియేటరు – వేడినీళ్లను గాలితో చల్లబరిచే పెట్టె
కూలెంటు – రేడియేటరులో నీళ్లతో కలిపే మందు
టంకం – లోహాన్ని అతికే మెత్తటి లోహం
గాస్కెట్టు – ఇంజను రెండు భాగాల మధ్య పెట్టే పలక

చెప్పండి చూద్దాం

1. హీటరు కారితే ఇంజను ఎందుకు పాడవుతుంది?
2. వేడి రేడియేటరు మూత ఎందుకు తీయకూడదు?
3. కుళాయి ఒక్కటే కట్టేస్తే కారడం ఎందుకు ఆగదు?
4. పిల్లవాడు కూలెంటు తాగితే మొదట ఏం చేయాలి?

చేయండి

మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ కూలెంటు, కిరోసిను, పురుగుమందు డబ్బాలు ఎక్కడ ఉన్నాయో చూడండి. పిల్లలకు అందని చోట పెట్టండి. ఒక్కో డబ్బా మీద దాని పేరు, కింద "విషం" అని రాసి అతికించండి. ఈ పని ఇవాళే చేయండి.